చీనీకాయ, చాయ్, ఆ గోడ సంగతి

చింటూ, పండూ,

మొన్న ఆదివారం ఫోన్లో మీరిద్దరూ కొట్టుకున్నదంతా విన్నాన్రా, మీ అమ్మ స్పీకర్ ఆన్ చేసి వంటింట్లోకి పోయింది, నేను మధ్యలో దూరి ఒక ముక్క చెప్దామంటే ఒక్కరూ వినరు. చైనా గురించి క్విజ్ పుస్తకంలో ఉంది కాబట్టి కరెక్ట్ అని చింటూ, వీడియోలో తప్పన్నారు కాబట్టి తప్పే అని పండు. సరే, తీరిగ్గా టైప్ చేస్తున్నా, ఒంటి వేలితో, తప్పులుంటే సర్దుకోండి.

ముందు గోడ. చంద్రుడి మీద నుంచి చూస్తే చైనా గోడ కనిపిస్తుందని నేనూ చదివా, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నా, ఆ తర్వాత మీ నాన్నకీ అదే నూరిపోశా. ఆ పాపం నాదే. చంద్రుడు మనకి దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరం, గోడ ఎంత పొడుగున్నా వెడల్పు చూస్తే చాలాచోట్ల ఐదారు మీటర్లు, అంటే మన వీధి సిమెంటు రోడ్డంత, పైగా చాలాచోట్ల చుట్టూ ఉన్న మట్టి రంగే దానిదీ. నేను కాగితం మీద లెక్కేశా, ఏడు కిలోమీటర్ల అవతల ఎవరి తల మీదో ఉన్న ఒక్క వెంట్రుకని మీరు మీ బాల్కనీలో నిలబడి చూడగలిగితే అది కూడా కనిపిస్తుంది. చింటూ నువ్వు లెక్కల్లో పులివి కదా, చెక్ చెయ్యి, వెంట్రుక మందం మిల్లీమీటర్లో పదో వంతు వేసుకో.

ఇంకో తమాషా ఏంటంటే ఈ మాట పుట్టింది అసలు మనిషి ఆకాశంలోకి పోకముందే, 1754లోనే స్టూక్లీ అని ఒక ఇంగ్లీషాయన ఉత్తరంలో రాశాడు, చంద్రుడి మీద నుంచి ఈ గోడ కనిపించొచ్చు అని. ఎవరు పోయి చూసొచ్చారని ఎవరూ అడగలా. 2003లో చైనా మొదటిసారి సొంతంగా పంపిన మనిషి యాంగ్ లివే, ఆయన దిగొచ్చాక అడిగితే నాకు గోడ కనపడలేదు అన్నాడు, ఆయన పోయింది చంద్రుడి దాకా కూడా కాదు, భూమి చుట్టూ తిరిగొచ్చాడంతే. ఈ మాట వాళ్ళ స్కూలు పుస్తకాల్లోనూ ఉండేది, ఇక అక్కడా గొడవ మొదలైంది మార్చండి మార్చండి అని.

ఇక పొడుగు దగ్గర మీరిద్దరూ కరెక్టే. పండు చెప్పిన 8,850 కిలోమీటర్లు 2009లో చెప్పిన లెక్క, అది ఒక్క మింగ్ వంశం వాళ్ళ గోడది (1368 నుంచి 1644 దాకా పాలించారు), అందులో కూడా కట్టిన గోడ 6,259 కిలోమీటర్లే, మిగతాది కందకాలు, కొండలు, నదులు, అవి కూడా అడ్డమే కదా అని కలిపేశారు. చింటూ చెప్పిన 21,196 ఏమో 2012 లెక్క, అన్ని కాలాల గోడలూ, కూలిపోయినవీ మొండిగా మిగిలినవీ అన్నీ కలిపి. అసలది ఒక గోడ కాదురా, వేరేవేరే రాజులు వేరేవేరే కాలాల్లో కట్టిన గోడలు. క్రీ.పూ. 221లో దేశాన్ని కలిపేసిన చిన్ షి హువాంగ్ కట్టాడని పుస్తకాల్లో ఉంటది, ఆయన అంతకుముందున్న గోడల్ని కలిపించాడు, అవి ఎక్కువగా మట్టి కొట్టి గట్టిపరిచినవి, మీరు ఫోటోల్లో చూసే ఇటుక గోడ ఆయన పోయిన పదిహేను వందల ఏళ్ళకి పైబడ్డాక మింగ్ వాళ్ళు కట్టింది.

చైనీస్‌లో అక్షరాలెన్ని అనే ప్రశ్న ఎవడు పెట్టాడో గానీ వాణ్ణి నాలుగు తన్నాలి. మనకి అఆలు ఉన్నట్టు వాళ్ళకి లేవు, ఒక్కో గుర్తు దాదాపు ఒక్కో మాట లేదా మాటలో ముక్క. 1716లో కాంగ్‌షి చక్రవర్తి పేరుతో వచ్చిన నిఘంటువులో 47 వేలకి పైనే ఉన్నాయి, 2013లో ప్రభుత్వం ఇచ్చిన పట్టీలో 8,105, పేపర్ చదవాలంటే మూడు వేలు వస్తే నెట్టుకురావచ్చు. దీంట్లో ఏ నంబర్‌కి టిక్కు పెడతావ్?

అసలు చైనీస్ ఒక భాషా పది భాషలా అన్నదే తెగని తగాదా. బీజింగ్ ఆయన మాండరిన్ మాట్లాడితే, హాంకాంగ్‌లో కాంటొనీస్ తప్ప వేరేది రాని ముసలమ్మకి ఏం అర్థం కాదు, కానీ ఇద్దరూ పేపర్ చదువుకోగలరు. యాసలు అంటారు కొందరు, మనం తెలుగు కన్నడం అనుకున్నట్టు వేరే భాషలే అంటారు కొందరు, నేను రెండోవాళ్ళ వైపు. దీనికి సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది చూడండి, పొద్దున్నే మీ నాన్న టీ అంటాడు, మీ పక్కింటి అంకుల్ చాయ్ అంటాడు, రెండూ చైనా మాటలే, ఇంకా చెప్పాలంటే రెండూ ఒకే గుర్తు. ఆ గుర్తుని మాండరిన్‌లో, కాంటొనీస్‌లో ఛా అంటారు, ఆగ్నేయ చైనాలో ఫూజియన్ తీరంలో తే అంటారు. భూమి మీద పర్షియా వైపుగా పోయింది చాయ్ అయింది, ఫూజియన్ వైపు రేవుల నుంచి డచ్చివాళ్ళ ఓడల్లో యూరప్‌కి పోయింది టీ అయింది. మన తేయాకులో తే కూడా అదే, తేనెకీ దానికీ సంబంధం లేదు!

మన దేశానికొచ్చిన ఆ చైనా యాత్రికుడి పేరు పండు అడిగింది, హుయాన్ త్సాంగా, యువాన్ చ్వాంగా, జువాన్‌జాంగా అని. ముగ్గురూ ఒకరే అమ్మా, ఇంగ్లీషు స్పెల్లింగ్ పద్ధతి మారినప్పుడల్లా మన పుస్తకాల్లో ఆయన పేరు మారుతుంటది. ఇప్పుడు వాడే పిన్‌యిన్ పద్ధతి 1958లో వచ్చింది. ఆయన పేరులో మొదటిది దాదాపు మన శ, చివరి చాంగ్‌లో చ ఏమో చాపలో చ, చిలకలో చ కాదు. ఇంగ్లీషువాళ్ళు తంటాలు పడే శబ్దం మన నోట్లో రోజూ ఉంది, అయినా మనం వాళ్ళ స్పెల్లింగ్ చూసి చదువుతాం. ఆయన 7వ శతాబ్దంలో మన వైపూ వచ్చాడు, ధాన్యకటకం చూశాడు, ఆంధ్ర దేశంలో మాట వేరే గానీ అక్షరాల తీరు మాత్రం మన ఉత్తరాదిన ఉన్న మధ్య దేశంలోదానికి దగ్గరగానే ఉంది అని రాసుకున్నాడు. మాట వేరు, రాత ఒకటి అనేది వాళ్ళ దేశం మనిషికి తొందరగానే కనపడి ఉంటది లే.

మీ స్కూల్ మెట్ల దగ్గర పోస్టర్ ఉందన్నారే, చైనా వాళ్ళు కష్టానికి రాసే మాటలో ప్రమాదం, అవకాశం రెండూ ఉంటాయని, అది సగమే నిజం. ఆ మాట వెయ్‌జీ, వెయ్ అంటే ప్రమాదం సరే, జీ అంటే అక్కడ కీలకమైన ఘడియ అనే. అదే జీ అవకాశం అనే మాటలోనూ ఉంటది, విమానం అనే మాటలోనూ ఉంటది, అలాగని ప్రతి కష్టంలో విమానం ఉందంటామా? 1959లో కెనెడీ (తర్వాత అమెరికా అధ్యక్షుడైనాయన) ఉపన్యాసాల్లో వాడాక బాగా పాకింది.

టైమ్ సంగతి మాత్రం చింటూ గెలిచాడు. చైనా అంతా ఒకే గడియారం, మనకంటే రెండున్నర గంటలు ముందు. 1949కి ముందు ఐదు మండలాలు ఉండేవి, ఆ తర్వాత ఒకటే చేశారు. మ్యాప్ తీసి చైనా పడమటి కొసన కాష్గర్ అనే ఊరు ఎక్కడుందో చూడండి, మన అనంతపురం నుంచి ఉత్తరంగా గీత గీస్తే కాస్త ఎడమ పక్కన తగులుతుంది, అంత పడమర! చలికాలంలో అక్కడ బీజింగ్ టైమ్ ప్రకారం పొద్దు పొడిచేసరికి పది దాటుద్ది. అందుకే అక్కడ చాలామంది రెండు గంటలు వెనక పెట్టుకున్న లోకల్ టైమ్ కూడా నడుపుతారు, బస్సుకి పోయేముందు ఏ టైమ్ అని అడగాలన్నమాట.

చైనా అనే పేరు చిన్ వంశం నుంచి వచ్చిందని మీ పుస్తకంలో ఉంది. అయ్యుండొచ్చు, ఎక్కువమంది చెప్పేదీ అదే, కానీ మన మహాభారతంలో చీనులు ఉన్నారు, అర్థశాస్త్రంలో చీనపట్టం అని పట్టుబట్ట ఉంది, ఆ గ్రంథాల వయసు మీదే పండితులకి ఇంకా పడలేదు, కాబట్టి ఈ ముడి కూడా విడిపోలేదు. వాళ్ళు మాత్రం తమ దేశాన్ని జోంగ్వో అంటారు, నడిమి దేశం అని. మన కథల్లో రాజకుమార్తెలు కట్టేది చీని చీనాంబరాలు. మీరు బత్తాయి అనే కాయని మేము చీనీ అంటాం, దాని శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్, సైనెన్సిస్ అంటే చైనాది అని.

రేపు బస్సులో ఒక మూట పంపుతున్నా, మీ నాన్నని స్టాండుకి పంపండి. ఎవరన్నా బత్తాయిలొచ్చాయ్ అని ఫోన్ చేశారో, మూట వెనక్కి తెప్పిస్తా.

మీ తాతయ్య