వృషణాలు పనిచేయకపోతే: అపోహలు, వాస్తవాలు

అపోహ: "మావాడి సంసారం బాగానే ఉంది డాక్టరుగారూ, పిల్లలు పుట్టకపోవడానికి లోపం కోడలిదే."

వాస్తవం: వృషణాలకు రెండు పనులు. వీర్యకణాలను తయారుచేయడం, టెస్టోస్టిరాన్ హార్మోన్‌ను రక్తంలోకి వదలడం. వీటిని వేర్వేరు కణాలు చూసుకుంటాయి కాబట్టి మొదటి పని పూర్తిగా ఆగినా రెండోది నడుస్తూనే ఉండొచ్చు. అలాంటివారిలో కోరిక, అంగస్తంభన మామూలుగానే ఉంటాయి. వీర్యం చూడటానికీ తేడా తెలియదు. అందులో ఎక్కువ భాగం సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ అనే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. మైక్రోస్కోపు కింద చూస్తేగానీ కణాలు ఉన్నాయో లేవో చెప్పలేం. భార్యకు స్కానింగులు, లాపరోస్కోపీ అన్నీ అయ్యాక చివరికి భర్తకు వీర్యపరీక్ష చేయించే జంటలు ఇప్పటికీ వస్తున్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. దయచేసి డాక్టరు దగ్గరికి వచ్చిన మొదటి వారంలోనే ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి.

అపోహ: వీర్యకణాల కౌంట్ తక్కువుంటే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకుంటే సరి.

వాస్తవం: పిల్లలు కావాలనుకుంటే ఆ జోలికి పోకండి. బయటి నుంచి హార్మోన్ అందగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, వృషణాలను పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లను తగ్గించేస్తుంది. దాంతో వీర్యకణాల తయారీ పడిపోతుంది, చాలామందిలో సున్నాకి చేరుతుంది. జిమ్‌లో స్టెరాయిడ్లు వాడే కుర్రాళ్లకూ ఇదే జరుగుతుంది. మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది. టెస్టోస్టిరాన్ పరీక్ష ఉదయం పూటే, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు చేయించాలి. అది తగ్గి, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పెరిగితే లోపం వృషణాల్లోనే ఉన్నట్టు. మూడూ తక్కువైతే పిట్యూటరీ వైపు వెతకాలి. అక్కడి లోపమైతే చాలామందిలో మందులతో వీర్యకణాలు మళ్లీ తయారవుతాయి.

అపోహ: హస్తప్రయోగం వల్లే ఇలా అవుతుంది.

వాస్తవం: ఏ సంబంధమూ లేదు. పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, పసితనంలో కిందికి దిగని వృషణాలు, యుక్తవయసు వచ్చాక సోకే గవదబిళ్లలు, కీమోథెరపీ, ఇవీ అసలు కారణాలు. కీమో మొదలుపెట్టకముందే వీర్యాన్ని ఫ్రీజ్ చేయించి దాచుకోవచ్చు. పిల్లవాడికి ఉన్నట్టుండి వృషణంలో తీవ్రమైన నొప్పి వస్తే అది మెలి తిరిగి ఉండొచ్చు. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగొద్దు. సాధారణంగా 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే వృషణం దక్కే అవకాశం ఎక్కువ.

అపోహ: కౌంట్ సున్నా అంటే ఇక దారి లేదు.

వాస్తవం: మైక్రో టీసీ అనే ఆపరేషన్‌తో వృషణంలోనే వెతికితే, ఇలాంటివారిలో దాదాపు సగం మందికి కొన్ని కణాలైనా దొరుకుతాయి. వాటితో ఇక్సీ, అంటే ల్యాబ్‌లో ఒక్కో వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి, చేయొచ్చు.

అపోహ: పిల్లలు వద్దనుకుంటే చికిత్స అక్కర్లేదు.

వాస్తవం: టెస్టోస్టిరాన్ ఏళ్ల తరబడి తక్కువగా ఉంటే ఎముకలు గుల్లబారతాయి, కండ తగ్గుతుంది, రక్తహీనత, దిగులు వస్తాయి. ఇక పిల్లలు వద్దనుకున్నవారికి, ప్రోస్టేట్, హిమోగ్లోబిన్ చూశాక, డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే టెస్టోస్టిరానే సరైన మందు.