ఫొటోల వెబ్ పేజీకి ఏ టూల్? అపోహలు - వాస్తవాలు

అపోహ: మంచి టూల్ ఉంటే చాలు, ఫొటోల సంగతి అదే చూసుకుంటుంది.

వాస్తవం: ఫొటోల పేజీ మొరాయిస్తోందంటే చాలాసార్లు తప్పు టూల్‌ది కాదు, అందులోకి ఎక్కించిన ఫైళ్లది. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000×4000 పిక్సెల్స్ ఉంటుంది. పేజీలో దాన్ని 400 పిక్సెల్స్ వెడల్పులోనే చూపించినా, బ్రౌజర్ మాత్రం మొత్తం ఫైల్‌ని డౌన్‌లోడ్ చేసుకుని విప్పాల్సిందే. విప్పాక పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక్క ఫొటోకే 96 ఎంబీ దాకా మెమరీ పట్టొచ్చు. అలాంటివి 30 పెడితే ఫోన్‌లో స్క్రోల్ చేయడమే కష్టం.

అందుకే ఏ టూల్ చూసినా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: చిన్న కాపీలు అదే తయారుచేస్తుందా, మనం చేయాలా? వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ తనే చేస్తుంది. రాసిపెట్టిన ఫైళ్ల నుంచి పేజీలు తయారుచేసే హ్యూగో చేయగలదు గానీ, టెంప్లేట్‌లో (పేజీ అచ్చులో) మనం చెప్పాలి. పేజీ కోడ్ (హెచ్‌టీఎమ్‌ఎల్) చేత్తో రాసుకుంటే, ఫొటోల సైజు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రామ్‌తో మనమే చేసుకోవాలి. 480, 960, 1920 పిక్సెల్స్ వెడల్పుల్లో మూడు కాపీలు, జేపెగ్ క్వాలిటీ 80 దగ్గర పెడితే చాలా ఫొటోలకు సరిపోతుంది. వాటిని బ్రౌజర్ ఎంచుకునే కాపీల జాబితా ‘ఎస్‌ఆర్‌సీసెట్’ (srcset)లో ఇచ్చాక, ఫొటో పేజీలో ఎంత వెడల్పున కనిపిస్తుందో చెప్పే ‘సైజెస్’ (sizes) కూడా తప్పక రాయండి. అది లేకపోతే ఫొటో స్క్రీన్ వెడల్పంతా పరుచుకుంటుందని బ్రౌజర్ లెక్క వేసుకుని, గళ్లలో పెట్టిన చిన్న ఫొటోకు కూడా పెద్ద కాపీని తెచ్చుకుంటుంది. ఇంత కష్టపడి మూడు కాపీలు చేసిందీ వృథా.

అపోహ: కెమెరా ఫొటో ఫైల్‌లోనే రాసిపెట్టే ఎగ్జిఫ్ సమాచారం మొత్తం తీసేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: తీయాలి. ఫొటో ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ వివరాలు అందులోనే ఉంటాయి, ఇంట్లో తీసినవైతే మరీ జాగ్రత్త. కానీ ఇమేజ్‌మ్యాజిక్‌లో ‘స్ట్రిప్’ ఆప్షన్ రంగుల్ని ఎలా చూపించాలో చెప్పే కలర్ ప్రొఫైల్‌ని కూడా ఊడ్చేస్తుంది. ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ పద్ధతిలో ఉన్న ఫొటోకి ప్రొఫైల్ పోతే బ్రౌజర్ దాన్ని వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటుంది, రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. నిలువుగా తీసిన ఫొటోని ఏ వైపు తిప్పి చూపించాలో చెప్పే గుర్తూ పోతుంది, ఫొటో పక్కకు పడుకుంటుంది. కాబట్టి వరుస ఇది: ముందు ఫొటోని సరైన వైపుకు తిప్పేసే ‘ఆటో-ఓరియెంట్’, తర్వాత ఎస్‌ఆర్‌జీబీకి మార్చడం, ఆపైన సైజు తగ్గించడం, చిట్టచివర స్ట్రిప్.

అపోహ: వెబ్‌కి 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) పెట్టాలి.

వాస్తవం: అది ప్రింటింగ్ లెక్క. బ్రౌజర్ చూసేది పిక్సెల్స్‌నే.

అపోహ: గ్యాలరీకి పెద్ద జావాస్క్రిప్ట్ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) కావాలి.

వాస్తవం: పేజీని గళ్లుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్‌లో ఒక్క లైను కోడ్‌తో ఫోన్‌లో ఒక గడి, పెద్ద స్క్రీన్‌లో ఐదు గళ్లు వచ్చేలా చేయొచ్చు. చిన్న ఫొటోని పెద్ద కాపీకి లింక్ చేస్తే నొక్కగానే తెరుచుకుంటుంది. ప్రతి ఫొటోకీ విడ్త్, హైట్ రాయండి. లేకపోతే ఫొటోలు ఒక్కొక్కటిగా వస్తున్న కొద్దీ పేజీ కిందికి జారిపోతుంటుంది, చదువుతున్న చోటు తప్పిపోతుంది. ఫొటో దగ్గరికి స్క్రోల్ చేసినప్పుడే దాన్ని తెచ్చే ‘లోడింగ్ లేజీ’ మంచిదే, కానీ పేజీ తెరవగానే కనిపించే మొదటి ఫొటోకి పెట్టకండి, అది ఆలస్యంగా వస్తుంది.

అపోహ: రైట్ క్లిక్ ఆపేస్తే ఫొటో ఎవరూ తీసుకోలేరు.

వాస్తవం: తెర మీద కనిపించిందంటే ఫైల్ అప్పటికే చూసేవారి కంప్యూటర్‌కి చేరిపోయింది. ఈ సదుపాయం ఉందని చెప్పి టూల్‌కి డబ్బు కట్టకండి. ఎవరైనా తీసుకున్నా ఫర్వాలేదనిపించే సైజునే ఎక్కించండి, ఒరిజినల్స్‌ని సర్వర్ మీద ఉంచకండి.

అపోహ: నా కంప్యూటర్‌లో బాగా వచ్చింది కాబట్టి అప్‌లోడ్ చేశాకా అలాగే వస్తుంది.

వాస్తవం: మామూలుగా విండోస్‌కి ఫైల్ పేరులో పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా ఒకటే, లైనక్స్ సర్వర్‌కి కాదు. కెమెరా ఇచ్చిన పేరులో చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉండి, మీరు పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తే ఇంట్లో కనిపించిన ఫొటో సర్వర్‌లో ఖాళీ డబ్బాగా మిగులుతుంది. కాపీలు తయారుచేసేటప్పుడే పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, ఖాళీల బదులు అడ్డగీత పెట్టేయండి.