మణికట్టులో పిల్లకాలువ

"మా నాయనకు 72 ఏళ్లు, ముందునుంచీ షుగర్. చేతికి ఫిస్టులా వేసి రెండు నెలలైనా మెడ పైపుతోనే డయాలసిస్ చేస్తున్నారు. ఆపరేషన్ ఫెయిలైనట్టేనా?" అని కర్నూలు నుంచి ఒకాయన అడిగారు.

కర్నూలు-కడప (కేసీ) కాలువ చూసి పెరిగినవాళ్లకు దీని జవాబు సగం తెలిసే ఉంటుంది.

డయాలసిస్ మిషన్‌కు నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం కావాలి. సెలైన్ ఎక్కించే నరం అంత ఇవ్వలేదు. (నరం అంటాం గానీ అది సిర. క్లాసులో ఈ ఒక్క మాట విడదీసి చెప్పేసరికే నాకు సగం పీరియడ్ అయిపోతుంది.) అందుకే మణికట్టు దగ్గర ధమనికి గండి కొట్టి పక్కనున్న సిరకు కలుపుతారు. ఇదే ఫిస్టులా. అమెరికా వైద్యులు బ్రెసియా, సిమినో బృందం 1966లో ప్రకటించిన ఉపాయమిది.

గండి పడితే పెద్దకాలువ నీళ్లు పిల్లకాలువలోకి దూకుతాయి, అది వెడల్పవుతుంది. కాకపోతే మట్టికాలువను నీళ్లు కోస్తాయి. రక్తనాళం తనంతట తానే సాగుతుంది. రక్తం ఒరుసుకుపోతుంటే లోపలి పొర కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, దాంతో గోడలోని కండరం సడలుతుంది.

అందరి కళ్లూ ఉబ్బిన సిర మీదే. అసలు కథ ఎగువన ఉంది. మామూలుగా మణికట్టు ధమనిలో పారేది నిమిషానికి 20, 30 మిల్లీలీటర్లే. ఫిస్టులాకు దాదాపు 600 కావాలి. అంటే పెద్దకాలువ కూడా వెడల్పు కావాలి. షుగర్ ముదిరితే ధమని గోడ మధ్యపొరలో కాల్షియం పేరుకుంటుంది. ఎక్స్‌రేలో రైలుపట్టాల్లా రెండు తెల్లగీతలు కనిపిస్తాయి. సిమెంటు లైనింగ్ కొట్టిన కాలువ ఇంకేం సాగుతుంది?

అందుకే చాలామంది పెద్దవాళ్లకు సర్జన్లు తూమును ఎగువకు, మోచేతి దగ్గరికి జరుపుతారు. అక్కడి ధమని పెద్దది. కానీ ఎగువ తూము ఎక్కువ లాగేస్తే ఏమవుతుందో ఆయకట్టు చివరి రైతును అడగండి. ఇక్కడ ఆ చివరి రైతులు వేళ్లు: చల్లబడతాయి, పాలిపోతాయి, డయాలసిస్ జరుగుతుంటే గుంజుతాయి.

ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ, గట్టి గాజులు వద్దు. తాయెత్తు కడతామంటే రెండో చేతికి కట్టండి. బిగిస్తే లోపల రక్తం గడ్డకట్టవచ్చు.

ఇక ఆయన ప్రశ్న. ఫిస్టులా పక్వానికి రావడానికి ఆరు వారాలు పట్టడం మామూలే, పెద్దవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు. రెండు నెలలు దాటింది కాబట్టి డాప్లర్ స్కాన్ (రక్తం పారే తీరు చూపే స్కాన్) అడగండి: ఇరుకు ఎక్కడుందో, ధమనిలోనా, అతుకు దగ్గరా, సిరలోనా అన్నది తేలుతుంది. కొన్ని ఇరుకుల్ని బెలూన్‌తో తెరవవచ్చు. ఈలోపు రోజూ పొద్దున్నే ఫిస్టులా ఉన్న చోట వేలు ఆనించి చూడమనండి. జుయ్‌మని వణుకు తగలాలి. ఆగిపోయిందంటే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా అదే రోజు చూపించాలి.