కొత్త పుస్తకం వస్తే పాత వీరుడు చెల్లడా?

చిరంజీవి చిట్టికి, బుజ్జిగాడికి, శనివారం శనివారం మీ బల్ల చుట్టూ చేరే గ్యాంగు మొత్తానికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జిగాడు ముక్కు ఎగబీలుస్తూ అడిగాడు. "తాతయ్యా, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి కొత్త పుస్తకం వచ్చింది. అందులో నా పాలడిన్‌ని పాడుచేసి పెట్టారు. అంటే ఇన్నాళ్ళూ మేం ఆడింది తప్పా?" అని. వెనక నుంచి చిట్టి "తప్పు కాదురా, పాతది!" అని అరవడం కూడా వినపడింది. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు తలా ఒక వీరుడై పాచికలు వేస్తూ ఆడే మీ ఆట నియమాల గొడవ ఇది. వాడి వీరుడేమో పాలడిన్, అంటే దైవబలంతో పోరాడే యోధుడు. ఫోన్లో తేలే గొడవ కాదు, అందుకే ఉత్తరం. మీ అమ్మ చదివి వినిపిస్తుంది. మధ్యలో వాక్యాలు మింగేస్తే ఊరుకోకండి.

మీ ఇంటికి వచ్చినప్పుడు 2014 నాటి నియమాల పుస్తకం, 2024 నాటిది రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాణ్ణి కాబట్టి నాకూ కాస్త మాట్లాడే హక్కుంది. అయితే ముందు మా ఊరు వెళ్ళొద్దాం.

మా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు అష్టాచెమ్మాతోనే గడిచేవి. గచ్చు మీద సుద్దముక్కతో 25 గళ్ళు గీసేవాళ్ళం. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు. రాతి మీద రెండు చుక్కల నీళ్ళు చల్లి పిక్కని అరగదీస్తే ఒకవైపు తొక్క పోయి తెల్లగా వచ్చేది, రెండోవైపు నల్లగానే ఉండేది. వేళ్ళ కొసలు మండేవి గానీ, ఆ నాలుగు పిక్కలూ గుప్పిట్లో పడ్డాక రాజ్యం మనదే. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. మా ఇంట్లో అయితే అవతలివాడి కాయని ఒక్కటైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోనిచ్చేవారు కాదు. అమ్మమ్మగారి ఊళ్ళో ఆ అడ్డు లేదు, ఎవడి కాయ వాడు తిన్నగా పండించుకోవచ్చు. సెలవులకి పిల్లలందరం ఒకచోట చేరేసరికి చూడాలి! "మా ఇంట్లో ఇలా కాదు" అని మొదలై జుట్లు పట్టుకునేదాకా వెళ్ళేది. అమ్మమ్మ వత్తులు చేసుకుంటూ అరుగు మీంచే తీర్పు చెప్పేది: "ఏ పద్ధతో పిక్కలు వెయ్యకముందే అనుకోండి. వేశాక నోరెత్తితే గళ్ళు చెరిపేస్తా." ఉత్త బెదిరింపు కాదు, తడిగుడ్డ పక్కనే పెట్టుకునేది.

ఇంతకీ ఎవరింటి పద్ధతి తప్పు? చంపాలన్న నియమం ఉన్నచోట పిల్లలు ఒకరినొకరు తరుముకుంటారు, ఆట సాయంత్రందాకా సాగుతుంది. లేనిచోట ఎవరు ముందు పండిస్తారా అన్నదే ధ్యాస. అవే గళ్ళు, అవే పిక్కలు, ఆడేవాళ్ళ బుద్ధి మాత్రం వేరేగా నడుస్తుంది.

ఇక మీ ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చినప్పుడు అది ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. మొదట అచ్చువేసినవి వెయ్యి పెట్టెలే. అందులో మూడో పుస్తకం చివర వాళ్ళే చెప్పారు, ఇందులో లేనిది ఏదైనా ఎదురైతే మీకు ఎలా బావుంటుందో మీరే తేల్చుకుని అలాగే ఆడుకోండని. ఇంకేముంది, ఊరికో అష్టాచెమ్మా తయారైంది.

తర్వాతి కొన్ని నియమాలు వింటే మీకు నవ్వొస్తుంది. కవచానికి అంకె ఎంత తక్కువైతే అంత గట్టి! ఒంటిమీద ఏమీ లేనివాడికి 10. నిలువెల్లా ఇనుము తొడుక్కుని డాలు కూడా పట్టినవాడికి 2. దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి పట్టికలూ తీసివేతలూ. 2000లో మూడో ఎడిషన్ వచ్చాకే అది తిరగబడి, మీకు తెలిసినట్టు 10 నుంచి పైకి లెక్కపెట్టడం మొదలైంది. చిట్టీ, ఇది నీకోసం: 1978 నాటి పుస్తకంలో ఆడ వీరులకి బలం ఇంతకు మించకూడదని గీత గీశారు. నిప్పులు కక్కుతూ ఎగిరే డ్రాగన్ ఉండొచ్చట, మగవాడంత బలమున్న ఆడపిల్ల ఉండకూడదట! 1989లో రెండో ఎడిషన్‌లో గానీ దాన్ని తీసెయ్యలేదు. 2024లో ఇంకో మార్పు చేశారు. ఇదివరకు కథల్లోని ఎల్ఫ్ జాతిలో పుడితే చురుకుదనం, పొట్టివాళ్ళైన డ్వార్ఫ్ జాతిలో పుడితే దిట్టతనం పుట్టుకతోనే అదనంగా వచ్చేవి. ఇప్పుడా అదనం నీ వీరుడు ఇంతకుముందు ఏం చేసేవాడు, సైనికుడా, రైతా, గుళ్ళో పెరిగాడా అన్నదాన్ని బట్టి వస్తుంది. రెండు పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే. పుట్టుక చూసి మనిషిని కొలిచేవాళ్ళని మా తరం చాలామందిని చూసింది లెండి.

మీ బల్ల దగ్గర నేను చూసిన పోషన్, అంటే గాయం మాన్పే మందు, సంగతి చెబుతాను. పాత పుస్తకం ప్రకారం మందు సీసా తాగితే ఆ వంతుకి యాక్షన్, అంటే చెయ్యగల ముఖ్యమైన పని, అయిపోయినట్టే, కత్తి ఎత్తడానికి లేదు. చచ్చేలా ఉన్నా సీసా తియ్యబుద్ధి కాదు. అందుకే ఎన్నో ఇళ్ళల్లో పిల్లలు, పెద్దలు కూడా, "తాగడం బోనస్ యాక్షన్ అనుకుందాం" అని, అంటే ముఖ్యమైన పనితోపాటు వంతుకి ఒక్కటి చేసుకునే చిన్న పని అనుకుందామని, సొంత పద్ధతి పెట్టుకున్నారు. మీరూ అదే చేస్తున్నారు, నేను కళ్ళారా చూశాను. 2024లో ఆ పద్ధతే అచ్చులోకి ఎక్కింది. అమ్మమ్మగారి ఊరి పద్ధతి మా ఊళ్ళో కూడా చెల్లుతుందని పెద్దలు ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు బుజ్జిగాడి బాధ. పాత పాలడిన్ తను కొట్టిన దెబ్బ తగిలిన ప్రతిసారీ స్మైట్ వెయ్యొచ్చు, అంటే ఆ దెబ్బకి దైవబలం జోడించొచ్చు. అయిదో లెవెల్లో వంతుకి రెండు దెబ్బలు. స్మైట్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే స్పెల్ స్లాట్లు, అంటే దాచుకున్న మంత్రాల కోటా, మొత్తం ఆరు. రెండు దెబ్బలకీ స్మైట్ వేసుకుంటూ పోతే మూడు వంతుల్లో ఆరూ ఖాళీ. రాక్షసుడు బూడిదవుతాడు, నిజమే. తర్వాతి గదిలో ఇంకొకడు ఉంటాడుగా! కొత్త పుస్తకంలో స్మైట్ బోనస్ యాక్షన్‌తో వేసే మంత్రమైంది కాబట్టి వంతుకి ఒక్కటే. చేయి పెట్టి గాయం మాన్పడం కూడా ఇప్పుడు బోనస్ యాక్షనే, సీసా తాగడమూ అదే. అంటే ప్రతి వంతులోనూ స్మైట్ వెయ్యడమా, బతికించడమా అని వాడు ఆలోచించుకోవాలి. నీకిది పాడుచెయ్యడంలా కనబడుతోంది నాన్నా, నాకు మాత్రం పాలడిన్‌కి తగిన ఇబ్బందిలాగే కనబడుతోంది. పక్కన స్నేహితుడు నేలకొరుగుతుంటే ఇంకో దెబ్బ వెయ్యాలా వద్దా అని తడబడేవాడే కదా అసలు పాలడిన్!

కంపెనీ పుస్తకాలు అమ్ముకోవడానికే ఇదంతా అని మీ నాన్న అంటాడు. దాదాపు 50 డాలర్ల పుస్తకం మరి, ఆయన అన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఇక్కడ నా పోలిక కుంటుతుంది. అష్టాచెమ్మాకి పుస్తకమే లేదు కాబట్టి ఎవరూ మనకి కొత్తది అమ్మలేరు. కానీ పాతది లాక్కోవడానికి మీ ఇంటికీ ఎవరూ రారు. 2008లో నాలుగో ఎడిషన్ నచ్చనివాళ్ళు బోలెడుమంది పాతదే ఆడుకున్నారు. ఇంకో కంపెనీ ఆ పాత నియమాల మీదే పాత్‌ఫైండర్ అనే ఆట కట్టింది. మీ పాత సాహసాలు కొత్త పుస్తకంతోనూ నడుస్తాయి. అయిదుగురు కూర్చున్నచోట అయిదుగురూ ఒకటే అనుకోవాలి, అంతే. మధ్యలో "పాత పుస్తకంలో ఇలా లేదు" అని ఎవరైనా లేస్తే కథ నడిపే మీ డంజన్ మాస్టర్ చేతికి తడిగుడ్డ ఇవ్వండి.

నా మాట నమ్మి ఊరుకోవద్దు, ఆడి చూడండి. ఈ శనివారం బుజ్జిగాడి పాలడిన్‌ని నిద్రపోనివ్వకుండా వరసగా మూడు పోట్లాటలకి పంపండి. మొదట పాత పద్ధతిలో. తర్వాత వాణ్ణే, ఆ రాక్షసుల మీదికే, కొత్త పద్ధతిలో. ఒక్కో పోట్లాట అయ్యాక ఎన్ని స్లాట్లు మిగిలాయి, ఎన్ని హిట్ పాయింట్లు, అంటే ఎంత ప్రాణం, మిగిలాయి, బల్ల దగ్గర ఎవరికి ఆవులింత వచ్చింది, అన్నీ చిట్టి రాసి ఉంచాలి. ఆదివారం ఫోన్ చేస్తాను, ఆ కాగితం చూసి చదవండి. బల్ల కిందికి దొర్లిన పాచిక చెల్లుతుందో లేదో మాత్రం ముందే అనుకోండి.

మీ
తాతయ్య