అలిపిరి మెట్లు ఎక్కుతారు సరే, దిగుతారా?

పోయిన వారం కూడా అదే మాట. కపిలతీర్థం దగ్గర టీ తాగుతుంటే తెలిసినాయన ఒకరు పలకరించి, "అన్నా, వచ్చే ఏడాది టూర్ డు మాంట్ బ్లాంక్ పోతున్నా. నెలనెలా అలిపిరి నడుస్తా, రెండున్నర గంటల్లో పైనుంటా. ఇంక వేరే ప్రాక్టీస్ ఎందుకు?" అన్నాడు. టూర్ డు మాంట్ బ్లాంక్, పొట్టిగా టీఎంబీ, అంటే యూరప్ ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ కొండ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా తిరిగే నడకదారి.

"కిందికెట్లా వస్తావన్నా?" అని అడిగాను.

"బస్సులో" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ.

ట్రెక్‌కి వెళ్ళేవాళ్ళని తయారు చేయడం నా పని. ఈ ఒక్క అపోహ వల్ల లక్షలు ఖర్చుపెట్టి వెళ్ళి మధ్యలో ఆగిపోయినవాళ్ళని చూశాను కాబట్టి ముందు దీని సంగతే చెప్తాను.

అపోహ: మెట్లు ఎక్కే దమ్ముంటే టీఎంబీ నడిచేయొచ్చు.

వాస్తవం: లెక్క చూడండి. తిరుపతి నుంచి తిరుమలకి ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. టీఎంబీ మొత్తం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కేది దాదాపు 10,000 మీటర్లు. అంటే పద్నాలుగు అలిపిరిలు, పది పదకొండు రోజుల్లో. ఇంతవరకు చెప్తే అందరూ తలూపుతారు. చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చే దారి కదా, ఎక్కినంతా దిగాలి. ఆ పద్నాలుగు అలిపిరిలు కాళ్ళతోనే దిగాలి, కనుమల మీదనుంచి దించే బస్సు లేదు. మనలో ఎంతమంది గాలిగోపురం నుంచి కిందికి నడిచి ఉంటారు?

ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒంటి బరువు మొత్తానికి బ్రేకు వేస్తూ ఉంటుంది. అలవాటు లేనివాళ్ళకి ఆ రోజు ఏమీ తెలియదు. మర్నాడో ఆ మర్నాడో పట్టేస్తుంది. ఎంత ఎక్కినా ఈ బ్రేకు పని రాదు, దిగితేనే వస్తుంది.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. మొదటిసారి వెళ్ళేముందు ఆరు నెలలు ప్రతి శనివారం శ్రీవారి మెట్టు ఎక్కాను. 2,388 మెట్లు, గంట లోపే. ప్రతిసారీ లడ్డూ తీసుకుని బస్సులో కిందికి. ఫ్రాన్స్‌లోని లెజూష్‌లో నడక మొదలుపెట్టిన రోజు నా అంత వీరుడు లేడు. రెండో రోజు 2,329 మీటర్ల కోల్ దు బొనోమ్ కనుమ దాటి షాపియూ ఊరి దాకా దిగాం, మోకాలు ఏదో అంది, వినలేదు. మూడో రోజు కోల్ ద ల సేన్య కనుమ మీద ఫ్రాన్స్ అయిపోయి ఇటలీ మొదలైంది, ఫొటోలు దిగాం. నాలుగో రోజు చివర్లో షెక్రుయి నుంచి కూర్మాయూర్ ఊళ్ళోకి దిగుడు. కాస్త అటూ ఇటుగా 700 మీటర్లే, అంటే ఒక్క అలిపిరి. పక్కనే రోప్‌వే ఉంది. పరువు అడ్డొచ్చి ఎక్కలేదు.

మర్నాడు పొద్దున హోటల్ మెట్లు వెనక్కి తిరిగి, రైలింగ్ పట్టుకుని దిగాను. తిరుమల నడకదారిలో మన మోకాళ్ళ మిట్టకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఇటలీలో అర్థమైంది! ఆ మధ్యాహ్నం బస్సెక్కి 11.6 కిలోమీటర్ల మాంట్ బ్లాంక్ సొరంగంలోంచి ఫ్రాన్స్ వైపున్న షమోనీకి వచ్చేశాను. నాలుగు రోజులు చుట్టూ నడిచిన కొండ కిందనుంచి గంటలోపే ఇవతలికి.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ఒకటే షరతు. మూడు నెలలు, వారానికోసారి, వీపున ఏడెనిమిది కిలోల బ్యాగుతో ఎక్కండి, నడిచే దిగండి. మొదటి రెండు వారాలు సగం దూరమే చాలు. దిగేటప్పుడు అడుగు చిన్నది, మోకాలు కొంచెం వంగి ఉండాలి, మడమతో గుద్దకూడదు. రెండు చేతుల్లో రెండు పోల్స్, అంటే నడక కర్రలు. మెట్లు సమంగా ఉంటాయి, అక్కడి బాట ఉండదు, కాబట్టి తలకోన అడవి బాటలో కూడా కొన్నిసార్లు నడవండి. ఎదురొచ్చే భక్తులు "ఏం సామీ, దర్శనం కాలేదా?" అని జాలిగా అడుగుతారు. నవ్వేసి దిగండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. శిఖరం ఎక్కాలేమోనని, ఆక్సిజన్ సిలిండర్ కావాలేమోనని భయపడి ఫోన్ చేసేవాళ్ళు చాలామంది. శిఖరం 4,800 మీటర్ల పైన ఉంటుంది, మనం దాని దరిదాపులకి కూడా పోం. అరుణాచలం గిరి ప్రదక్షిణ లాంటిదే, కాకపోతే 14 కిలోమీటర్లు కాదు. దారిలో అత్యంత ఎత్తైన చోటు 2,665 మీటర్లు, రాత్రి నిద్ర చాలావరకు అంతకన్నా బాగా కిందే. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది ఎక్కువగా 2,500 దాటాకే మొదలవుతుంది. మధ్యలో చేతకాకపోతే ఎలా అని టెన్షన్ పడే అమ్మానాన్నలకి నా కథే జవాబు. చాలా లోయల్లో బస్సుంది. ఒక రోజు నడక వదిలేసి బస్సులో ముందుకెళ్తే ఎవరూ సర్టిఫికెట్ చింపేయరు, అసలు సర్టిఫికెట్టే లేదు.

మూడు దేశాలకి మూడు వీసాలన్నది ఎవరు పుట్టించారో గానీ, స్విట్జర్లాండ్‌తో సహా ఒకే షెంగెన్ వీసా. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి అప్లై చేయాలి. శాకాహారం దొరుకుతుంది, దారిలో బస బుక్ చేసేటప్పుడే చెప్పాలి. బుకింగ్ మాత్రం నెలల ముందే. కందిపొడి మీ ఇష్టం, నేను తీసుకెళ్తాను.

ఇంకొకటి. చాలామంది ఈ దారిని ఎడమవైపుగా, అంటే అపసవ్యంగా తిరుగుతారు. చిత్తూరు నుంచి ఒకబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ చేసి, "కొండ చుట్టూ అప్రదక్షిణమా నాయనా?" అని బాధపడింది. సవ్యంగా కూడా తిరగొచ్చమ్మా అని చెప్పి, వాడిని స్విట్జర్లాండ్‌లోని షాంపే నుంచి అలాగే పంపాను. తిరిగొచ్చాక వాడి ఫిర్యాదు ఒకటే. ఊరంతా ఎదురొస్తుంటే రోజుకి రెండొందల సార్లు బోఁజూర్ (ఫ్రెంచిలో నమస్కారం) చెప్పి గొంతు పోయిందట.