'మన వైపు ఇలాంటోళ్లు ఉండరు మేడం': కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరకొచ్చే గే, లెస్బియన్, ట్రాన్స్ పిల్లలు చట్టం గురించి తక్కువే అడుగుతారు. ఎక్కువమందికి ఉండే బెంగ, ఇక ఊరు తమది కాకుండా పోతుందేమోనని. (కింద చెప్పినవాళ్ల వివరాలు కొన్ని మార్చాను.)

అపోహ: ఇదంతా ఫారిన్ నుంచి, ఫోన్లలోంచి వచ్చింది.

వాస్తవం: ఫారిన్ వాళ్లు తెచ్చిపెట్టింది సెక్షన్ 377, స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన చట్టం. బ్రిటిష్ వాళ్లు 1860లో చేసిన శిక్షాస్మృతిలోది. ఇష్టపడి కలిసే మేజర్లకి అది వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. ఇక ఫోన్ల సంగతంటారా, మనవలున్న ఒక పెద్దాయన పలాస వైపు నుంచి వచ్చి, పద్దెనిమిదేళ్లప్పటి నుంచీ మనసులో దాచుకున్నదంతా గంటసేపు చెప్పారు. ఆయన జేబులో ఉన్నది బటన్ల ఫోను.

అపోహ: శిఖండి, బృహన్నల, మోహిని ఉన్నారుగా, మన సంస్కృతి ఎప్పుడూ వీళ్లని గౌరవించింది.

వాస్తవం: ఇది వీళ్ల పక్షాన మాట్లాడే మాలాంటివాళ్లు చెప్పే అపోహ. నేనూ కొన్నాళ్లు చెప్పాను. మా ఉత్తరాంధ్ర వీధి నాటకం తూర్పు భాగవతంలో మగాయన సత్యభామ వేషం కట్టి జడ ముందుకేసుకుని వస్తే ఊరంతా తెల్లవార్లూ కూర్చుని చూస్తుంది, తెల్లారాక అదే నడకతో కిళ్లీకొట్టు దాటే కుర్రాడికి మాత్రం వెనక నుంచి ఈలలు. పురాణంలో పేరున్నంత మాత్రాన ఇంట్లో పీట వేస్తారని లేదు.

అలాగని ఆ కళ ఆ కుర్రాడిది కాకుండా పోదు. తప్పెటగుళ్లు (రొమ్ముకి వాయిద్యం కట్టుకుని, దేవుడి పాటలు పాడుతూ ఆడే జానపద ఆట) ఆడే ఇంట్లో పుట్టిన ఒకబ్బాయి, తను గే అని తెలిశాక గజ్జె కట్టడం మానేశాడు, 'నాలాంటివాడు దేవుడి పాట ఆడితే మైల' అని. ఎవరన్నారు అంటే చాలాసేపు ఆలోచించి ఎవరూ అనలేదన్నాడు! మూడు సెషన్లు దీని గురించే మాట్లాడుకున్నాం. పోయిన సంక్రాంతికి రొమ్ము మీద తప్పెటగుళ్లు కట్టుకుని ఆడాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెప్పి తీరాలని నేనూ అనలేదు.

అపోహ: పెళ్లి చేస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: సర్దుకోదు, ఇంకో ఇంటి పిల్ల బతుకు కూడా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. 'మార్చే చికిత్స' వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. అయినా ఒక డాక్టరు గారు నా దగ్గరకొచ్చిన అమ్మాయికి విటమిన్ మాత్రలు రాసి, సంబంధాలు చూడమని తల్లిదండ్రులకి చెప్పి పంపారు.

అపోహ: 377 పోయింది కాబట్టి ఇద్దరు మగవాళ్ల పెళ్లి చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న ఒప్పుకోలేదు.

అపోహ: తనలా తాను బతకాలంటే ఊరొదిలేయాలి.

వాస్తవం: కొడతారనో బలవంతపు పెళ్లి చేస్తారనో భయముంటే వెళ్లిపొమ్మని నేనే చెప్తాను. కానీ హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒకబ్బాయి నాలుగేళ్లు మా పైడితల్లమ్మ సిరిమాను పండక్కి రాలేదు. దసరా వెళ్లిన మంగళవారం చింతమాను కొసన పూజారి గారు కూర్చుని వస్తుంటే వాళ్లమ్మ భుజం మీదెక్కి అరటిపళ్లు విసిరిన పిల్లాడు వాడు! చుట్టాలు పెళ్లెప్పుడని అడుగుతారని టెన్షన్. వాళ్లమ్మ నా దగ్గరికి ఏడాదిపాటు వచ్చింది, సగం రోజులు ఏడుపే. కిందటి పండక్కి రెండ్రోజుల ముందు ఫోన్ చేసి, "ఈపాలి ఇద్దరూ వస్తారట మేడం" అని కాసేపు ఆగి, "ఆ గుంటడు మాంసం తింటాడేటి?" అని అడిగింది.