కళ్ళు మూస్తే కాలెందుకు ఊగుతుంది?

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

యోగా దినోత్సవం, జూన్ 21 దగ్గరపడింది, బడిలో మళ్ళీ ఆసనాలు వేయిస్తున్నారు. 2025లో ఆ రోజున ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా రోడ్డు పొడవునా జనం బారులు తీరి యోగా చేశారు, గుర్తుందా? ఇప్పుడు మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, వృక్షాసనంలో ఒంటికాలి మీద కళ్ళు తెరిచి ఎంతసేపైనా ఉంటాను. కళ్ళు మూస్తే మూడు లెక్కపెట్టేలోపే కాలు కింద పెట్టేస్తున్నాను. కాలికి కళ్ళతో ఏం పని?"

షామియానా వేయడం చూశారు కదా. గుంజ నిలబెట్టి, చుట్టూ తాళ్ళు లాగి మేకులకు కడతారు. ఒక తాడు సడలితే గుంజ అవతలికి ఒరుగుతుంది. మీ కాలే ఆ గుంజ. చీలమండకు ముందు, వెనక, అటూ ఇటూ ఉన్న కండరాలు తాళ్ళు. తాడు లాగుతుందే గాని నెట్టలేదు, కండరమూ అంతే. అందుకే ఒకటి ఇటు లాగేదుంటే దానికి ఎదురు ఇంకొకటి ఉండాలి. పైగా మీది సముద్రపు గాలిలో వేసిన షామియానా! ఒకసారి కట్టి వదిలేస్తే నిలవదు. తాడుకొక మనిషి కాపు కాసి లాగుతూ, సడలిస్తూ ఉండాలి. ఊపిరి పీల్చినా, గుండె కొట్టుకున్నా ఒళ్ళు కొద్దిగా కదులుతుంది మరి.

ఎప్పుడు లాగాలో మెదడుకు కబురు ముగ్గురు తెస్తారు. కళ్ళు ఒకరు. చెవి లోపల ద్రవంతో నిండిన మూడు వంపు గొట్టాలు ఉన్నాయి, అవి రెండో వారు. మూడో వారు ఎవరనుకున్నారు? ఆ తాళ్ళే! కండరాల లోపల కదురు ఆకారంలో సన్నటి పోగులుంటాయి. తాము ఎంత సాగాయో అవి క్షణక్షణం చెబుతుంటాయి. మాట్లాడే తాడు ఏ షామియానాకూ లేదు, ఇక పోలిక ఇక్కడితో వదిలేద్దాం. చూడకుండానే ఒళ్ళు ఎక్కడ ఎలా ఉందో లోపలి నుంచి తెలియడానికి 1906లో షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. మనం 'ఒంటి ఎరుక' అనుకుందాం. కళ్ళు మూస్తే పెద్ద గొంతు ఆగిపోతుంది. మిగతా రెండు గొంతులు వినే అలవాటు తక్కువ గనక మెదడు ఆలస్యంగా దిద్దుతుంది, దిద్దినప్పుడు కాస్త ఎక్కువే దిద్దుతుంది. ఆ ఊగడం అదే.

మా చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ, కుంటాట, ఒప్పులకుప్ప లేని సాయంత్రం ఉండేది కాదు. ఒప్పులకుప్ప తిరిగి ఆగాక వీధంతా గిర్రున తిరిగేది. ఒళ్ళు ఆగినా చెవిలో ద్రవం ఇంకా ఆగదు, కళ్ళు ఒకటి చెబుతాయి, చెవి ఇంకొకటి చెబుతుంది. ఆ ఆటలన్నీ ఒంటి ఎరుకకు సాధనే. మీరూ ఫోను పక్కన పెట్టి, గచ్చు మీద సుద్దతో గళ్ళు గీయండి నాన్నా.

ఇక వృక్షాసనం. గోడకు చేయి అందే దూరంలో, చెప్పులు లేకుండా గచ్చు మీద నిలబడండి. మెత్తటి పరుపు వద్దు, దాని మీద పాదానికి నేల జాడ సరిగా తెలియదు. బరువు మూడుచోట్ల సమంగా పడాలి: మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు. రెండో పాదాన్ని పిక్కకో, తొడ లోపలి వైపుకో ఆనించండి. మోకాలికి మాత్రం ఎప్పుడూ ఆనించకండి. మోకాలు తలుపు బందులా ముందుకీ వెనక్కీ ఆడేది, పక్క నుంచి నొక్కితే దానికి చేటు. కంటి ఎత్తులో ఒక చుక్క చూసుకుని ఐదు ఊపిరులు ఉండండి. తర్వాత కాలు మార్చండి.

ఎక్కువమంది తప్పేది వేళ్ళ దగ్గర. పడిపోతామన్న భయంతో వేళ్ళు ముడిచి నేలను పట్టుకుంటారు. అప్పుడు పాదం బిగుసుకుపోతుంది, సన్నటి సర్దుబాట్లు చేయలేదు. నిలబడ్డ మోకాలిని వెనక్కి బిగించేయడం, తుంటి బయటికి తోసేయడం కూడా చూస్తుంటాను. అన్నిటికన్నా ముఖ్యం, ఊపిరి బిగబట్టకండి.

బిగువు ఎక్కడెక్కడికి పాకుతుందో తెలియాలంటే కుడి పిడికిలి గట్టిగా బిగించి అలాగే ఉండండి. ఇప్పుడు చూసుకోండి: పళ్ళు కరిచారా? భుజం చెవి దగ్గరికొచ్చిందా? ఊపిరి ఆగిందా? పిడికిలి వదలకుండా మిగతావి ఒక్కొక్కటే వదలండి. మొదట్లో పిడికిలి కూడా వదులైపోతుంది. పది రోజులు ఓపిక పట్టండి, కావలసిన కండరం ఒక్కటే పనిచేసి పక్కవి ఊరుకోవడం మెల్లగా వస్తుంది.

కళ్ళు మూయడంలో తొందర వద్దు. ముందు రెండు పాదాలూ కలిపి ముప్పై సెకన్లు. అది కుదిరాక ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు తగిలేలా ఒకే వరుసలో. ఆ తర్వాతే ఒంటికాలు, అదీ గోడ పక్కనే, పెద్దవాళ్ళు దగ్గరుండగా.

రేపు పొద్దున అక్కనో తమ్ముణ్ణో గోడ పక్కన, కళ్ళు తెరిచే ఒంటికాలి మీద నిలబెట్టి, మీరు నేల మీద కూర్చుని చీలమండ ముందు వైపు చూడండి. చర్మం కింద సన్నటి తాళ్ళు లేస్తూ పడుతూ ఉంటాయి. ఎన్నిసార్లు లేచాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య